పౌలు లేఖలు: ఎవరి మాట?



మా నారాయణఖేడ్ 1956 వఱకు బీదరు జిల్లాలోని తాలూకా. ఇచ్చటి పాత దస్తావేజులు కొన్ని ఉర్దూలో నుండును. వ్రాత లేఖరిది, మాట యజమానిది, క్రింద వేలిముద్ర. అట్టి కాగితము చేతికి వచ్చినపుడు మేము ముందుగా నడుగునది, ఇది యెవరి మాట యని.

ఒక క్రైస్తవ సోదరి ప్రార్థనసభలో నాలుగు మాటలు చెప్పబోగా, స్త్రీలు మౌనముగా నుండవలెనని పౌలు శాసించెనని యొక పెద్ద యామెను కూర్చుండబెట్టెను. ఆమె గ్రంథము చేతబట్టుకొని మాయొద్దకు వచ్చి, "వకీలు సాబూ, కాగితాలు చూసేవారు మీరు. ఆ మాట పౌలుదేనా?" అని యడిగెను.

రామమోహనరాయలు 1820లో ప్రకటించిన యేసు ఉపదేశముల సంకలనము సువార్తలనుండి కూర్చబడినది. పౌలు లేఖలు దానిలో లేవు. అందుచే మేమును వానిని చిరకాలము తెఱవకుంటిమి. అది మా లోపమే.

పౌలు పేర 13 లేఖలు గలవు. రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, థెస్సలొనీకయులకు మొదటిది, ఫిలేమోనుకు, ఈ 7 పౌలువేయని పండితులు దాదాపుగా నేకీభవింతురు. తిమోతికి రెండును, తీతుకు నొకటియు తరువాతివా రతని పేర వ్రాసిరని పెక్కుమంది మతము. తక్కిన మూటిపై వివాదము తీఱలేదు.

పౌలునకును లేఖరి గలడు. రోమీయుల లేఖ తుద తెర్తియు అను లేఖరి తన పేర నమస్కారము చేర్చెను. గలతీయుల లేఖ చివర పౌలు తానే కలము పుచ్చుకొని, పెద్ద యక్షరములతో వ్రాయుచున్నానని చెప్పును. మాకు మిక్కిలి ప్రియమైనది ఫిలేమోను లేఖ. ఒనేసిము అను దాసుని యజమానునియొద్దకు పంపుచు, వానిని సోదరునిగా చేర్చుకొమ్మని వేడి, వాడేమైన బాకీ పడియున్న తానే తీర్తునని పౌలు స్వహస్తముతో వ్రాసియిచ్చెను. మా వృత్తివారు చక్కగా నెఱిగిన పూచీపత్రమే యిది! దాసునికై పూచీపడిన మనుష్యుని గొంతు మఱియొకరు తెచ్చిపెట్టుకొనుట కష్టము.

ఇక మౌనపు మాట రెండు చోట్ల గలదు. తిమోతి మొదటి లేఖ సంగతి చెప్పితిమి. రెండవది కొరింథీయుల మొదటి లేఖ 14వ అధ్యాయము. లేఖ పౌలుదే. కాని ప్రార్థించు స్త్రీ, ప్రవచించు స్త్రీ తల కప్పుకొనవలెనని 11వ అధ్యాయమున చెప్పినవాడు మూడధ్యాయములు గడువగనే నోరే తెఱవరాదనునా? పైగా కొన్ని ప్రాచీన ప్రతులలో నా రెండు వచనములు అధ్యాయము తుదకు మాఱియున్నవి. ఎవరో అంచున వ్రాసిన మాట లోని కెక్కినదని కొందఱి యూహ. పౌలే యొక సందర్భమునకు చెప్పెనని మఱికొందఱు. మేము తీర్పు చెప్పజాలము. అయినను, సందేహముగల కాగితముపై ఒకరి నోరు మూయించు డిక్రీ యే న్యాయాధిపతి యిచ్చును?

సందేహములేని రోమీయుల లేఖలో, 16వ అధ్యాయమున, సంఘపరిచారిక ఫీబేను గౌరవముతో చేర్చుకొనుడని పౌలు సిఫారసు చేసెను. ఈ భాగమును ఆ సోదరికి చదివి వినిపించితిమి. ఆమె మరల చదువుమనెను. పిమ్మట నాపుటలో నొక కాగితపు ముక్క నుంచి, గ్రంథము మూసికొని, ఆదివారపు సభకు వేళ యగుచున్నదని వెడలిపోయెను.