దండనకు ముందు వినవలసిన మాట

దండించే అధికారానికి ఒక హద్దు ఉండాలన్న భావన చాల ప్రాచీనమైనది. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుని కథ ఈ భావనను రెండు వైపులనుంచి పరీక్షిస్తుంది. మౌనవ్రతంలో ఉన్న ఆ ముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచి తామూ దాగినారు. రాజభటులు వచ్చి అడిగినారు, ముని పలుకలేదు. సొమ్ము దొరికినది. పలుకని వానిని దోషిగా ఎంచి రాజు శూలానికి ఎక్కించినాడు. ఇది మొదటి అన్యాయం. తరువాత ముని యమధర్మరాజును సమీపించి, ఏ పాపానికి తనకు ఈ శిక్ష కలిగినదని ప్రశ్నించినాడు. పసితనంలో పురుగులను గడ్డిపోచతో గుచ్చిన పాపానికని యముడు బదులు చెప్పినాడు. ముని దానిని ఒప్పుకొనలేదు. చిన్న తప్పుకు పెద్ద దండన విధించినందుకు యముని శపించి, పదునాలుగేండ్ల వయసు వరకు చేసిన పనులు పాపంగా లెక్కకు రాకూడదని కట్టడి చేసినాడు. ధర్మానికి అధిపతియైన వాడే బాలుని దండించే విషయంలో సమాధానం చెప్పుకొనవలసి వచ్చినది.

ఈనాడు ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ ఊహించని ఒక చోట తిరిగి వినబడుతున్నవి. అది అమెరికా దేశపు హైస్కూళ్ళ ఆటస్థలం. అక్కడ పాఠశాలల జట్లలో ఏటా 80 లక్షలకు పైగా బాలబాలికలు పాల్గొంటారు. జట్టులో స్థానంవలన ఊరిలో గౌరవం కలుగుతుంది. కొందరికి కళాశాలలో చదువుకొనే ధనసహాయం కూడ లభిస్తుంది. అట్టి స్థానంనుంచి ఒకరిని తొలగించినప్పుడు తలిదండ్రులు ప్రధానోపాధ్యాయుని గది దాటి న్యాయస్థానం మెట్లెక్కడం ఆ దేశంలో అరుదు కాదు. ఇది ధనికదేశపు విలాసమని నవ్వి ఊరుకొనేవారు ఉండవచ్చు. కాని ఆ వ్యాజ్యాల అడుగున ఉన్న ప్రశ్న విలాసం కాదు: ఒక సంస్థ తాను దయతో ఇచ్చినదానిని ఎట్లా తిరిగి తీసుకొనవచ్చును?

న్యాయస్థానాలు మొదట దీనిని హక్కు, అనుగ్రహం అనే రెండు మాటలలో ఇమిడ్చినవి. 1975లో అమెరికా సుప్రీంకోర్టు గాస్ వర్సెస్ లోపెజ్ అనే వ్యాజ్యంలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగర విద్యార్థుల విషయమై తీర్పు చెప్పినది. ఆ విద్యార్థులను విచారణ లేకుండ పది దినాలవరకు బడికి రానీయలేదు. చదువు రాష్ట్రం చట్టంద్వారా ఇచ్చిన హక్కు గనుక దానిని కొద్దిదినాలు ఆపవలెనన్నా, ఆరోపణ ఏమిటో చెప్పి, ఆధారం వివరించి, విద్యార్థి మాట వినవలెనని ఆ కోర్టు నిర్ణయించినది. ఐదుగురు న్యాయమూర్తులు ఒక పక్షం, నలుగురు మరొక పక్షం. మరుసటి ఏడే న్యూ మెక్సికోనుంచి ఒక క్రీడావ్యాజ్యం అప్పీలు న్యాయస్థానానికి వచ్చినది. విద్య అంతా కలిసి ఒక హక్కే కాని అందులోని ఆట, పాట మున్నగు ఒక్కొక్క అంశమూ విడివిడిగా హక్కు కాదని ఆ న్యాయస్థానం అన్నది. నాటినుంచి పెక్కు న్యాయస్థానాలు ఈ దారినే నడిచినవి. బడికి పోవడం హక్కు. బడి తరపున ఆడడం అనుగ్రహం.

ఈ విభజన న్యాయవాదికి సదుపాయమైనది. నీతిని విచారించేవానికి చాలదు. దానం చేసినవాడు దానిని మరల తీసుకొనే హక్కు తనకు ఉన్నదనవచ్చును. కాని తీసుకొంటూ, “నీవు దొంగవు, అందుచేత తీసుకొంటున్నాను” అన్నచో అతడు ఇక దాత కాడు, తీర్పరి అయినాడు. తీర్పరికి విచారించే బాధ్యత తప్పదు. వస్తువు ఇచ్చేవానిదే కావచ్చును, పేరు మాత్రం పుచ్చుకొన్నవానిది.

భారతదేశపు సుప్రీంకోర్టు 1962లో ఇంచుమించు ఈ సూత్రాన్నే పరీక్షల విషయంలో స్థాపించినది. ఉత్తరప్రదేశ్‌లో ముగ్గురు విద్యార్థులు 1954 ఇంటర్మీడియట్ పరీక్షలో అక్రమం చేసినారని విద్యామండలి వారి ఫలితాలను రద్దు చేసినది. వారి మాట మాత్రం అడుగలేదు. విద్యార్థులను విచారించి తీరవలెనని చట్టంలో ఎక్కడా లేదు. ఐనా, ఒక యువకుని భవిష్యత్తునంతటినీ చెరిపివేయగల నిర్ణయం చేసేవారు చట్టం మౌనంగా ఉన్నదని తామూ చెవులు మూసుకొనరాదని కోర్టు చెప్పినది.

ఎదుటి పక్షపు వాదంలో కూడ బలం లేకపోలేదు. జట్టు న్యాయస్థానం కాదు. ఆట నేర్పేవాడు సాక్షులను పిలిచి, వాదప్రతివాదాలు విని కాని ఒక బాలుని బల్లమీద కూర్చోబెట్టరాదన్నచో ఆట సాగదు. ఆజ్ఞకు లోబడడం, తన కోరికను జట్టు మేలుకొరకు ఆపుకొనడం ఆట నేర్పే పాఠాలలో మొదటివి. ప్రతి దండనకూ పైకోర్టు ఉన్నదని తెలిసిన బాలుడు ఆ పాఠం నేర్చుకొనడేమో అన్న భయం నిరాధారమైనది కాదు. 1995లో ఓరెగన్ రాష్ట్రపు వెర్నోనియా వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు ఈ వాదానికే మొగ్గినది. ఏడవ తరగతి బాలుడొకడు ఫుట్‌బాలు ఆడదలచినాడు. మత్తుమందుల పరీక్షకు తలిదండ్రులు సమ్మతించనందున అతనిని చేర్చుకొనలేదు. ఇష్టపడి ఆటలోకి వచ్చేవాడు ఇతర విద్యార్థులకన్న ఎక్కువ నియమాలకు తల ఒగ్గవలసి ఉంటుందని ఆరుగురు న్యాయమూర్తులు భావించినారు. అనుమానానికి తావియ్యని వానిని కూడ పరీక్షించడం సరికాదని ముగ్గురు భిన్నాభిప్రాయం వెలిబుచ్చినారు.

ఇక్కడ ఒక భేదం గుర్తించవలసి ఉన్నది. ఎంపిక వేరు, దండన వేరు. ఇతనికన్న అతడు బాగుగ పరుగెత్తుతాడని శిక్షకుడు చెప్పేది అతని విద్యకు సంబంధించిన మాట. అందులో పొరపాటు ఉండవచ్చును గాని దానిని సరిదిద్దే శక్తి న్యాయమూర్తికి లేదు. ఇతడు తప్పు చేసినాడని చెప్పేది వేరొక తీరు మాట. అది జరిగినదానిని గురించిన మాట గనుక నిజమో అబద్ధమో అయి తీరుతుంది. నిజం తెలుసుకొనడానికి ఎదుటివానిని అడగడంకన్న దగ్గరి మార్గం లేదు. ఆటలో నైపుణ్యం తప్పు విచారించే నైపుణ్యాన్ని దానంతట అది ఇయ్యదు.

విచారించిన పిదప కూడ దండన ఎవరిపై పడుతున్నదనే ప్రశ్న మిగులుతుంది. టెన్నెసీ రాష్ట్రంలో బ్రెంట్‌వుడ్ అకాడెమీ శిక్షకుడు తమ బడిలో చేరబోయే ఎనిమిదవ తరగతి బాలురకు ఉత్తరం వ్రాసి, వసంతకాలపు ఫుట్‌బాలు సాధనకు ఆహ్వానించినాడు. నియమోల్లంఘనమని రాష్ట్ర క్రీడాసంఘం ఆ బడికి 3,000 డాలర్ల జరిమానా విధించి, ఫుట్‌బాలు, బాలుర బాస్కెట్‌బాలు జట్లను రెండేండ్లు అంతిమ పోటీలకు అనర్హులను చేసినది. అట్టి సంఘం పేరుకు ప్రైవేటుదైనా ప్రభుత్వాధికారం వంటిదే చెలాయిస్తున్నది గనుక రాజ్యాంగానికి లోబడవలెనని 2001లో సుప్రీంకోర్టు చెప్పినది. 2007లో అదే వ్యాజ్యంలో ఆ నియమం మాత్రం చెల్లుతుందన్నది. చట్టం సంగతి అంతటితో ముగిసినది. కాని ఉత్తరం వ్రాసినవాడు పెద్దవాడు. విధించినట్లే అమలైనచో ఆడే అవకాశం పోగొట్టుకొనేవారు బాలురు. కొన్ని రాష్ట్రాల సంఘాలలో మరొక నియమం కూడ ఉన్నది. కోర్టు ఉత్తర్వుతో ఆడిన బాలుని వ్యాజ్యం చివరకు ఓడిపోయినచో, అతడు పాల్గొన్న ఆటలలో జట్టు గెలుపులన్నీ రద్దు కావచ్చును. న్యాయం అడిగినవాని భారం అడగని సహచరులపై పడే ఏర్పాటు అది.

దండన ఎంతదూరం పోవచ్చుననేది చివరి ప్రశ్న. 2017లో పెన్సిల్వేనియాలోని మహనోయ్ ప్రాంతపు బడిలో ఒక బాలికకు ఛీర్‌లీడర్ల పెద్దజట్టులో స్థానం దొరకలేదు. శనివారంనాడు ఒక అంగడివద్ద నిలిచి, బడినీ జట్టునూ దూషిస్తూ ఒక చిత్రం తీసి సెల్‌ఫోనులో సుమారు 250 మంది మిత్రులకు పంపినది. ఒక దినంలో మాసిపోయే చిత్రం అది. బడివారు ఆమెను చిన్నజట్టునుంచి ఒక ఏడు తొలగించినారు. కింది కోర్టు ఆమెను తిరిగి చేర్చుకొమ్మని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చినది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల అభిప్రాయంతో ఆమె పక్షం వహించినది. బడి గోడలకు వెలుపల పలికిన మాటపై బడికి అధికారం బొత్తిగా లేదని కాదు. అది లోపలి అధికారంకన్న చాల తక్కువ అని ఆ తీర్పు సారాంశం. బడి వెలుపలి నడతపై కూడ ఉపాధ్యాయునికి అధికారం ఉండేదన్న పూర్వసంప్రదాయాన్ని ఒకే న్యాయమూర్తి సమర్థించినారు. బాలిక మాట సంస్కారవంతమైనది కాదు. ఐతే ఓడిన బాల్యపు కోపం ఒక దినముంటుంది. దండన ఒక సంవత్సరమున్నది. యముని చిట్టాలో గడ్డిపోచకూ శూలానికీ ఉన్న అంతరం ఇటువంటిదే.

ఈ వ్యాజ్యాల ఫలం పరిశీలించినచో సంతోషం కలుగదు. పోటీల కాలం కొద్ది నెలలు. తీర్పుకు ఏండ్లు పడుతుంది. మహనోయ్ బాలిక తుదితీర్పు వినేనాటికి హైస్కూలు దాటి కళాశాలకు చేరినది. కనుక ఆటలో న్యాయం కోర్టులో దొరుకుతుందని చెప్పడం సత్యం కాదు. అది దొరకవలసిన చోటు ఆటస్థలమే. ఆరోపణ ఏమిటో చెప్పడానికి, బాలుని ముఖం చూచి “ఏమి జరిగినది?” అని అడిగి విని, పిదప తగినంత మాత్రమే దండించడానికి గంటసేపు కూడ పట్టదు. ఆ గంటవల్ల శిక్షకుని అధికారం తగ్గదు. తన మాట విన్న పిదప దండించిన వానిపట్ల బాలునికి కోపం ఉండవచ్చును; అవిశ్వాసం ఉండదు.

మాండవ్యుని రాజు తరువాత పశ్చాత్తాపపడినాడు. మునిని దింపించినాడు, క్షమించుమని వేడుకొన్నాడు. కాని శూలం దేహంలోనుంచి ఊడిరాలేదు. వెలుపలి భాగం కోసివేయగా మొన లోపలనే మిగిలినది. ఆ మొనతోనే తిరిగినందువల్ల ఆయనకు అణిమాండవ్యుడనే పేరు వచ్చినది. దండించిన పిదప చెప్పే క్షమాపణకు శూలాన్ని కోసే శక్తి ఉన్నదే కాని, మొనను తీసే శక్తి లేదు.