పోయిన బంటుకు బదులు

చదరంగపు పెట్టెలో 32 బొమ్మలుండవలెను. ఒక్కొక్క పక్షమునకు 16 చొప్పున రాజు, మంత్రి, రెండు ఏనుగులు, రెండు గుఱ్ఱములు, రెండు శకటులు, ఎనిమిది బంట్లు. పిల్లలున్న ఇంట ఈ లెక్క ఎక్కువ కాలము నిలువదు. ఒక బంటు గాదె క్రిందికి దొర్లిపోవును. ఒక గుఱ్ఱమును కుక్కపిల్ల నమలివేయును. అప్పుడు ఒక చింతపిక్కనో చొక్కా గుండీనో ఆ గడిలో పెట్టి ఆడుదురు. ఆట చక్కగా సాగును. అది బంటని ఇద్దరును ఒప్పుకొనిన తరువాత చింతపిక్కకు బంటుకున్న అధికారములన్నియు కలుగును. ఎనిమిదవ వరుస చేరినయెడల అదియు మంత్రి కాగలదు. అట్లయిన క్రొత్త బొమ్మను చేయుటకు ఇంత ప్రయాస యేల అని కొందరు మమ్మును అడుగుదురు. అసలు చదరంగమే కాలహరణమని తలంచు పెద్దలును మన సంఘములలో కలరు. పందెము లేనిచోట ఈ ఆటలో దోషమున్నదని మాకు తోచదు గాని, ఆ వాదమును ఇక్కడ పెంచము.

మా ఇంటి వెనుక వసారాలో ఒక చిన్న లేతు, నాలుగైదు ఉలులు ఉన్నవి. సాయంకాలములలో తీరిక చిక్కినప్పుడు ఇరుగుపొరుగు వారి పెట్టెలలో లోటైన బొమ్మలను చేసి యిచ్చుచున్నాము. మన ప్రభువు నజరేతులో వడ్రంగియై యుండెను. గ్రామములో వడ్రంగికి క్రొత్త పనికంటె మరమ్మతు పనియే ఎక్కువ. నజరేతులోను అట్లేయుండెనని ఊహించుకొనుటలో తప్పులేదు.

ఈ పనికి మొదట కావలసినది బాగుగా ఆరిన కర్ర. పచ్చి కర్రతో చేసిన బొమ్మ ఆరినకొలది గుండ్రదనము తప్పి పగులును. కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి చెక్కుటకు హాయిగానుండును గాని తేలిక. చెయ్యి తగిలిన పడిపోవును. ఏటికొప్పాక పనివారు లేతుమీద తిప్పి లక్కరంగు పట్టించు అంకుడు కర్ర ఈ పనికి మేలు. ఇప్పుడు లోకమంతట వాడబడుచున్న బొమ్మల రూపము 1849లో లండనులో నతానియేల్ కుక్ అను నతని పేర నమోదై, జాక్స్ సంస్థవారిచే తయారుచేయబడి, హోవర్డ్ స్టాంటన్ అను ఆటగాని పేరుతో ప్రసిద్ధికెక్కినది. ఈ రూపములో గుఱ్ఱము తప్ప తక్కినవన్నియు చాలవరకు లేతుమీదనే తేలును. గుఱ్ఱపు తలను మాత్రము చేతితో చెక్కి, తిప్పిన పీటమీద అతికింపవలెను. ఒక్క గుఱ్ఱమునకు పట్టు కాలములో బంట్లు అరడజను చేయవచ్చును.

కొలతకు నమూనా కావలెను. బంటు పోయినయెడల దాని తోడివి ఏడు ఉన్నవి. అట్టముక్కమీద వాటి ప్రక్కగీతను గీసి కత్తిరించి, తిప్పుచున్న కర్రకు ఆనించి చూచుకొనుచు ఉలి నడుపవలెను. రాజు పోయినయెడల తన పక్షములో అట్టిది మరియొకటి లేదు. కొలత ఎదుటి పక్షపు రాజునొద్దనే తీసికొనవలెను. శత్రువు ఈ సహాయము చేయక తప్పదు! పిదప అడుగున రంధ్రము చేసి, తోడివాటి బరువునకు సరిపడు సీసము పోసి, క్రింద గుడ్డ అంటించినయెడల పని ముగియును.

ముగియునా? ఇక్కడనే మాకొక చిక్కు ఎదురగును. ఏండ్ల తరబడి చేతులు తగిలిన కర్ర తేనెరంగు తిరిగియుండును. క్రొత్తది పాలిపోయి వేరుగా కనబడును. టీ డికాక్షను పూసి, కొన్ని దినములు ఎండలో ఉంచి, అంచులను కొంచెము అరగదీసినయెడల పాతదానికిని దీనికిని భేదము తెలియదు. ఇది ప్రేమతో చేయు పనియా, మోసమా? ఆడువాని కన్ను ప్రతిసారి ఆ ఒక్క బొమ్మమీదనే ఆగకుండుటకు రంగు కలుపుట మంచిదే. అయితే రేపు ఆ ఇంటివారి మనుమలు ఆ పెట్టెను పాతకాలపుదని అమ్మవచ్చును. కొనువాడు 32 బొమ్మల వెల యిచ్చి 31 పుచ్చుకొనును. అమ్మినవాడు అబద్ధమాడలేదు, అతనికి తెలియదు. మా చేతిపనియే అతని నోట అబద్ధమాడును. సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉంచుకొనకూడదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఆజ్ఞ కలదు. అందుచేత, పైకి ఎంత పోలిక తెచ్చినను, అడుగున గుడ్డ అంటించకమునుపు కాల్చిన సూదితో ఆ సంవత్సరమును వ్రాయుచున్నాము. గుడ్డ ఎత్తి చూచువానికి సత్యము తెలియును.

దీనికి మరియొక కారణమును కలదు. స్కాట్లాండులోని లూయిస్ ద్వీపమున 1831లో ఎక్కువగా వాల్రస్ దంతముతో చెక్కిన పురాతనపు చదరంగపు బొమ్మలు దొరికినవి. వాటిలో కొన్ని లోటుగానుండెను. ఎడింబరోలో పాతవస్తువుల వర్తకుడొకడు 1964లో 5 పౌనులకు ఒక బొమ్మను కొనెను. అది ఏమో అతడు ఎరుగడు. అది ఆ కుటుంబమువారియొద్దనే ఉండిపోయెను. తుదకు అది ఆ లోటు బొమ్మలలో ఒకటని తెలియవచ్చి, 2019లో 7,35,000 పౌనులకు అమ్ముడుపోయెను. ఆ ఖాళీలో ఎవరైనను ఒక నకలును నిలిపి, ఇదియే అసలైనదని నమ్మించియున్నయెడల, లోటున్నదన్న సంగతియే మరుగైపోయెడిది. తప్పిపోయినది తిరిగివచ్చినప్పుడు గుర్తించువారెవరు?

హేబెలు చంపబడిన తరువాత హవ్వకు మరియొక కుమారుడు పుట్టెను. హేబెలునకు ప్రతిగా దేవుడు తనకు వేరొక సంతానమును నియమించెనని ఆమె చెప్పెను. ప్రతిగా అని ఒప్పుకొనెను, అయినను ఆ బిడ్డకు హేబెలని పేరు పెట్టలేదు, షేతు అని పెట్టెను. హేబెలు పేరు హేబెలుకే నిలిచియున్నది. మన ఊళ్లలో చనిపోయిన బిడ్డ పేరునే తరువాత పుట్టిన బిడ్డకు పెట్టు వాడుక కలదు. దుఃఖములో చేయు పని గనుక మేము నిందింపము. అయినను ఆ రెండవ బిడ్డ తన పేరు విన్నప్పుడెల్ల తన అన్న పేరును వినుచుండును. ఇది ఆ పసివాని తలపై మోపతగిన బరువా అని అడుగక మానము.

రెండవ పెండ్లి జరిగిన ఇండ్లలో ఈ చిక్కు మరింత కఠినము. క్రొత్త తల్లి వచ్చిన దినమున, మొదటి తల్లి ఫోటోను గోడనుండి తీసివేయుడని బంధువులు చెప్పుదురు. పిల్లలు త్వరగా మరచిపోవుట మంచిదందురు. టీ నీళ్లు పూసి రంగు కలుపుటవంటి పనియే ఇది. అట్లు చెప్పినప్పుడు ఒప్పుకొనక, ఆ ఫోటో అద్దమును తన కొంగుతో తుడిచి, చిన్నవానిని ఎత్తి చూపిన తల్లినొకతెను మేము ఎరుగుదుము. పిల్లలు ముగ్గురును ఆమెను అమ్మా అనియే పిలుచుచున్నారు.