కుండీ పారేయకండి

పఠన భాగం: 1 రాజులు 19:1–8

డిసెంబరు నెలాఖరులో టొరంటోలో పగలు తొమ్మిది గంటలైనా ఉండదు. ఎడ్మంటన్‌లో అయితే ఏడున్నర గంటలే. సరిగ్గా ఆ రోజుల్లోనే కిటికీ దగ్గర పెంచుకున్న రెక్స్ బెగోనియా ఒక్కో ఆకూ రాల్చడం మొదలుపెడుతుంది. వేసవంతా వెండి పట్టీలతో, వంగపండు రంగు అంచులతో ఇంటికి కళ తెచ్చిన మొక్క అది. పూల కోసం కాదు, ఆ ఆకుల కోసమే పెంచుకుంటాం. జనవరి వచ్చేసరికి కొన్ని కుండీల్లో మట్టి, దాని మీద వేలెడు దుంప తప్ప ఏమీ మిగలదు.

అప్పుడు చాలామంది రెండింటిలో ఒకటి చేస్తారు. చచ్చిపోయిందనుకుని కుండీని చెత్తలో వేస్తారు. లేదా ఎలాగైనా బతికించాలని రోజూ నీళ్లు పోసి, ఎరువు వేస్తారు. నిజానికి ఎక్కువ మొక్కలు పోయేది ఈ రెండో పని వల్లే. వెలుతురు తగ్గితే మొక్క నీళ్లు పీల్చుకోవడమూ తగ్గుతుంది. పీల్చుకోని నీరు మట్టిలో నిలిచి వేళ్లను కుళ్లబెడుతుంది. ముందు చేయవలసింది ఆ దుంపను వేలితో మెల్లగా నొక్కి చూడడం. మెత్తగా జారిపోతే కుళ్లినట్టు. అల్లం కొమ్ములా గట్టిగా తగిలితే లోపల ప్రాణం ఉంది. మట్టి పైపొర ఆరిన తర్వాతే కాసిని నీళ్లు చాలు. ఎరువు వద్దు. ఫర్నేస్ వేడిగాలి నేరుగా తగలని చోటు చూసి, పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, వాటి మీద కుండీ పెట్టాలి. పగలు పొడుగవుతున్న కొద్దీ దుంప కొన నుంచి నూగుతో, మడత విప్పని ఎర్రటి చిగురు బయటికి వస్తుంది.

ఆకులు రాలిన మొక్కలా కూలిపోయిన మనిషితో దేవుడు ఎలా మెలిగాడో తెలియాలంటే ఏలీయా కథ ఈ రోజు మళ్లీ చదవండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు ఆ క్షణంలో ఆయనను గద్దించలేదు. నిన్నటి విశ్వాసం ఏమైందని అడగలేదు. దూతను పంపి తట్టి లేపించాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డిలో నీళ్లు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దేవుడు పడుకోనిచ్చాడు! దూత రెండోసారి వచ్చింది కూడా భోజనంతోనే. ఇక్కడ నీకేం పని అన్న ప్రశ్న నలభై పగళ్లు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండ చేరిన తర్వాతే వచ్చింది.

మన సంఘాల్లో ఈ క్రమం తలకిందులవుతోందని నాకు బాధ. రాత్రి షిఫ్టు చేసి, పగలు క్లాసుకు వెళ్లి, బేస్‌మెంట్ గదిలో ఒంటరిగా ఉండే కుర్రాడు జనవరి నుంచి ఆరాధనకు రాడు. ప్రార్థన తగ్గిందంటాం, వాక్యాలు వరసగా ఫోన్‌కి పంపిస్తాం. మన ప్రేమ నిజమే. కానీ అతను ఇప్పుడు అంత నీరు పీల్చుకోలేడు. ముందు కాస్త అన్నం, పప్పు తీసుకెళ్లి పక్కన కూర్చోవాలి. చీకటి వారాలకొద్దీ వదలకపోతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి. అది అవిశ్వాసం కాదు.

మనలాగే ఈ మొక్క కూడా వలస వచ్చిందే. రెక్స్ బెగోనియా సొంత ఊరు మన అస్సాం అడవులు. 1850లలో ఆర్కిడ్ మొక్కల మధ్య కలిసిపోయి ఐరోపా చేరింది. పెద్ద చెట్ల నీడలో పెరిగిన జాతి కనుక నడినెత్తి ఎండ తగిలితే దీని ఆకులు మాడిపోతాయి. దీని బంధువు, మలేసియా అడవుల్లోని బెగోనియా పవోనినా ఆకులు నీలంగా మెరుస్తాయి. వాటి హరితరేణువుల్లోని సన్నటి పొరల అమరిక, నేల దాకా దిగే కొద్దిపాటి వెలుతురును మరింత బాగా వాడుకుంటుందని 2016లో బ్రిస్టల్ శాస్త్రవేత్తలు తేల్చారు. నీడలో పుట్టే ఆకుకు నీడలో బతికే నేర్పు పెట్టి పుట్టించిన దేవుణ్ణి స్తుతించకుండా ఉండలేను.

మొంట్రియల్ వృక్షోద్యానంలో బెగోనియాలకూ, గెస్నేరియా కుటుంబపు మొక్కలకూ కలిపి ఒక గాజుగది ఉంది. ఆ ఉద్యానానికి 1931లో పునాది వేయించిన బ్రదర్ మరీ-విక్టోరిన్ సన్యాస సంఘ సహోదరుడు, ఉపాధ్యాయుడు. యౌవనంలోనే ఆయనకు క్షయ సోకింది. కోలుకుంటున్న రోజుల్లోనే మొక్కల మీదికి మనసు మళ్లింది. క్యూబెక్ మొక్కల మీద ఆయన రాసిన ‘ఫ్లోర్ లారెన్షియెన్’ 1935లో వెలువడింది. జబ్బుపడిన ఆ కుర్రవాణ్ణి ఇక పనికిరాడని ఎవరూ వదిలేయనందుకు దేవునికి స్తోత్రం.

సహోదరీ, సహోదరుడా, ఈ చలికాలంలో ఆకులన్నీ రాలిపోయింది నీకే అయితే, నిన్ను నువ్వు పారేసుకోకు. ఈ రోజు తిను, నిద్రపో, ఒక్కరికైనా నీ స్థితి చెప్పు. నువ్వు బాగానే ఉంటే, కొన్నాళ్లుగా కనిపించని ఒకరి పేరు ఇప్పుడే గుర్తు తెచ్చుకుని, సాయంత్రంలోగా వారి తలుపు తట్టు.

ప్రార్థన: ఏలీయాను నిద్రపోనిచ్చిన తండ్రీ, మా మధ్య అలసిపోయినవారికి ఈ రోజుకు చాలినంత రొట్టె, నీరు, వెలుతురు దయచేయండి. వాటిని మా చేతులతోనే పంపండి. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.