బదరీవృక్షము క్రింద ఏలీయా

ధ్యాన భాగము: 1 రాజులు 19వ అధ్యాయము



కర్మెలు పర్వతముమీద ఏలీయా ప్రార్థింపగా అగ్ని దిగివచ్చెను. ఆ దినముననే అతడు నడుము బిగించుకొని, అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలువరకు పరుగెత్తెను. అటువంటి దైవజనుడు యెజెబెలు పంపిన ఒక్క బెదిరింపు మాటకు ప్రాణము దక్కించుకొన పారిపోయెను. అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక నా ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. విశ్వాసము లేనివాడు గనుక అట్లు అడిగెనా? కాదు, బహుగా అలసినవాడు గనుక అడిగెను.

మన గ్రామములలో ఆ చెట్టు క్రింద కూర్చున్నవారు నేడు అనేకులున్నారు. తెల్లవారకమునుపే సద్దిమూట కట్టుకొని నాట్లకు పోయిన తల్లి ప్రొద్దుగూకిన తరువాత వచ్చి పొయ్యి రాజేయవలెను. కౌలుకు చేసిన మిరపతోటకు తెగులు తగిలిన తండ్రికి మందుల దుకాణమువారి బాకీ ఒకవైపు, గ్రూపు అప్పు వాయిదా మరియొకవైపు. సెల్‌ఫోను రాత్రియైనను ఊరకుండనియ్యదు. ఆదివారము గుడిలో కూర్చున్నను మనస్సు వడ్డీ లెక్కలయందే యుండును. “అయ్యగారూ, మాకు విశ్వాసము తగ్గిపోయినది” అని కొందరు మాతో చెప్పుచుందురు. వారికి మేము ఏలీయాను చూపుచుందుము.

దేవుడు అతనికి చేసినదేమి? మొదట నిద్రపోనిచ్చెను. దూత అతనిని తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెయు, బుడ్డితో నీళ్లును చూపెను. అతడు తిని త్రాగి మరల పండుకొనగా, దూత రెండవమారు లేపి తినుమనెను. అక్కడ ఒక్క గద్దింపు మాటయైనను వినబడలేదు. ఆ ఆహారపు బలముతో అతడు నలువది రాత్రింబగళ్లు నడచి హోరేబు చేరిన తరువాతనే, ఇక్కడ ఏమి చేయుచున్నావని దేవుడు అడిగెను. కాబట్టి అలసిన దేహమునకు అన్నమును నిద్రయును ఇచ్చుట భక్తికి లోటు కాదు. అది దేవుడే చేసిన పని.

మరియొక సంగతి గమనింపుడి. ఏలీయా తన దాసుని బెయేర్షెబాలో విడిచి ఒంటరిగా పోయెను. ఒంటరితనములో దుఃఖము పెరుగును. హోరేబులో రెండుమార్లు, నేను ఒక్కడనే మిగిలితినని మొరపెట్టెను. దేవుడు ఆ మాటను ఒప్పుకొనలేదు. బయలుకు మ్రొక్కని 7,000 మంది యున్నారని తెలిపి, ఎలీషాను తోడుగా ఇచ్చెను. ఆ ఎలీషా ఎవరు? పండ్రెండు అరకలతో పొలము దున్నుచున్న రైతు!

కాబట్టి సంఘమా, మందిరమునకు రాని సహోదరుని గూర్చి, “వాడు చల్లబడిపోయినాడు” అని అనుకొనకమునుపు వాని గడప త్రొక్కుడి. ఖాళీ చేతులతో పోక, కూరయో అన్నమో పట్టుకొని పోవుడి. చావే మేలని ఎవరైన అనినయెడల, ఆ మాటను తేలికగా తీసికొనవద్దు. వారిని ఒంటరిగా విడువవద్దు. ఇంటిలోని పురుగుమందు డబ్బాలను వెంటనే వేరొకచోట దాచుడి. డాక్టరుగారియొద్దకు తోడుగా వెళ్లుడి. ప్రభుత్వమువారు 2022లో ప్రారంభించిన 14416 అను ఉచిత ఫోనులో తెలుగులోనే మాటలాడవచ్చును. అప్పులవాని లెక్కలు చూచుటకు పెద్దలలో ఇద్దరు ప్రక్కన కూర్చుండుడి. ప్రార్థించుడి; ప్రార్థించి లేచిన తరువాత రొట్టె కాల్చుడి.

భారము మోయుచున్న ప్రియులారా, మీతో ఒక మాట. చావు కావలెనని అడిగిన ఏలీయా మనవిని దేవుడు ఆలకించియు అనుగ్రహింపలేదు. అతడు మరణము చూడకయే సుడిగాలిలో ఆరోహణమయ్యెను. అనేక తరములైన పిమ్మట, రూపాంతరపు కొండమీద మన ప్రభువుతో మాటలాడుచు నిలిచెను. ఆ చెట్టు క్రింద కూర్చున్ననాడు ఇది అతనికి తెలియదు. మీ ముందున్నదియు నేడు మీకు తెలియదు. లేచి భోజనము చేయుడి. ప్రభువు మీతో ఇంకను పని కలిగియున్నాడు.

ఆయన సమాధానము మీ గృహములయందు నిలుచును గాక. ఆమేన్.