నడిచినవాళ్ల ప్రారబ్ధమేనా?

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటన. అర్ధరాత్రి నుంచి లాక్‌డౌన్. రైళ్లు అప్పటికే ఆగిపోయాయి, ఇక పనీ కూలీ ఆగాయి.

ములుగు ప్రాంతంలో మిరప కోతకొచ్చిన పన్నెండేళ్ల గిరిజన బాలిక అడవి దారిన మూడు రోజులు నడిచింది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, సొంతూరి చేరువలోనే ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాలపై నిద్రపోతున్న 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లింది. వాళ్లు మూటకట్టుకున్న రొట్టెలు కంకర మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

‘వాళ్ల కర్మ’ అని నిట్టూర్చినవాళ్లున్నారు. ఆ మాటలో జాలీ ఉంది, చేతులు దులుపుకోవడమూ ఉంది.

మనిషి అనుభవించే ప్రతి సుఖదుఃఖానికీ పూర్వకర్మే కారణమా అని సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగినట్టు సంయుత్త నికాయం చెబుతుంది. ఆయన ఒప్పుకోలేదు. పిత్తం, కఫం, వాతం, ఋతువుల మార్పు, ఇతరుల దాడి వంటి కారణాలను విడివిడిగా లెక్కపెట్టి, కర్మను వాటి సరసన ఒకటిగా మాత్రమే ఉంచాడు.

ఆ లెక్కన పట్టాల మీది చావులకు గతజన్మ తవ్వనక్కర్లేదు. పోయిన పని, రైలు కోసం జాల్నా నుంచి భుసావల్ వైపు నడక, ఒళ్లెరగని అలసట కళ్లెదుటే ఉన్నాయి.

వలస కూలీల కోసం వేసిన తొలి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది మే 1న. అలాంటి ఏర్పాటేదో ఏప్రిల్ మొదట్లోనే జరిగి ఉంటే ఆ బాలిక ప్రారబ్ధం ఏమయ్యేదో కర్మవాదులే చెప్పాలి.