నొప్పి చెప్పని అవయవము

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 12:14–26, లూకా 10:30–37



ఒకరి కష్టము ఆలస్యముగా తెలిసినప్పుడు, "మాతో ఒక్క మాటైనను చెప్పలేదే, చెప్పియుండినయెడల చేయకపోదుమా?" అని మనము అనుచుందుము. ఈ మాట మన మనస్సాక్షికి నెమ్మది కలుగజేయును. అయితే ఇది న్యాయమైన మాటయేనా? నోరు తెరచి చెప్పనివారి భారమును గూర్చి మనము లెక్క అప్పగింపనక్కరలేదా? ఈ ప్రశ్నకు మన శరీరమే యేమి చెప్పునో చూతము.

పెద్దవారి దేహములో సాధారణముగా 206 ఎముకలు గలవు. ఇవి ఎండుకట్టెలు కావు, జీవముగలవి. పాతబడిన భాగము కరగుచు క్రొత్తది కట్టబడుచుండును. కనుకనే విరిగిన చెయ్యి మరల అతుకుకొనుచున్నది. ఎముకలను కదల్చు కండరములు 600కు పైగా గలవు. కండరము లాగగలదే గాని నెట్టలేదు. మోచేతిని ఒకటి మడచినయెడల, చాపుటకు వెనుక వేరొకటి కావలెను. ఒకటి బిగియునప్పుడు రెండవది సడలి దారి ఇచ్చును. కొడవలి పట్టిన వ్రేళ్ల బలము సహితము చాలవరకు ముంజేతి కండరములదే. అవి త్రాళ్లవంటి స్నాయువులతో వ్రేళ్లను లాగుచుండును. వీటన్నిటిని కప్పిన చర్మము ఎండలో చెమట పోసి మనలను చల్లార్చును, ముల్లు గుచ్చుకొనిన తక్షణమే తెలియజేయును.

వీటన్నిటికిని ఒక విధముగా నోరున్నది. కండరము అలసిన నొప్పి పెట్టును, ఎముక విరిగిన కేక వేయించును, చర్మము కాలిన మంట పుట్టును. నోరులేనిది ఒకటి కలదు. అది మృదులాస్థి. మోకాలిలో గుజ్జు అని మన ఊళ్లలో చెప్పుకొనునది అదే. కొద్ది మిల్లీమీటర్ల మందమున, ఎముకల కొనలకు నున్నని పూతవలె నుండి, ఒకదానితో ఒకటి ఒరయకుండ కాపాడును. దానిలో రక్తనాళములు లేవు, నొప్పి తెలుపు నరములును లేవు. మనము నడచునప్పుడు నొక్కబడుచు విడువబడుచు, కీలులోని ద్రవమునుండి ఆహారము పుచ్చుకొనును. మెట్లెక్కునప్పుడు మన బరువుకు రెండు మూడింతలు మోకాలిమీద పడినను అది మొరపెట్టదు. చుట్టునున్న భాగములును క్రిందనున్న ఎముకయు బాధపడి మనకు తెలియునప్పటికి అది ఎంతో అరిగిపోయియుండును. పెద్దవారిలో అరిగినది మునుపటివలె తిరిగి రాదు.

మా సంఘములో ఒక విధవరాలు వారమంతయు నాట్లకును కలుపునకును పోయి, శనివారము సాయంకాలము మందిరము ఊడ్చి, చాపలు పరచి, కుండలో నీళ్లు నింపెడిది. కొంతకాలమునుండి ఆమె స్త్రీలతో చాపమీద కూర్చుండక ద్వారబంధమునకు ఆనుకొని నిలువబడుచుండెను. ప్రార్థనలో మోకరించుటయు మానెను. భక్తి చల్లారినదని కొందరమును, గర్వము వచ్చినదని కొందరమును అనుకొంటిమి. ఆమెను అడిగినవారము మాత్రము ఒక్కరమును లేము.

ఒకనాడు మందిరపు మెట్టు దిగలేక ఆమె కూలబడగా పట్టణమునకు తీసికొనిపోతిమి. వైద్యుడు ఎక్స్‌రే చూపెను. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు, ఎముకల నడుమ అది నిలిపియుంచిన ఖాళీ మాత్రమే కనబడును. ఆమె మోకాలిలో ఆ ఖాళీ లేదు.

"ఎన్నాళ్లనుండి నొప్పి, అమ్మా?"

"నాలుగేండ్లయినది, అయ్యా."

"సంఘమువారితో చెప్పలేదా?"

"చెప్పితే చీపురు ఇంకొకరికి ఇత్తురేమోనని. దేవుని ఇంటిలో నాకున్న పని అదొక్కటే గదా!"

మేము తలలు దించుకొంటిమి. ఆమె ఊరకుండుట బాధ లేనందున కాదు, మా యొద్ద భయముండినందున.

1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధి సోకినవారి చేతులను శ్రద్ధగా పరీక్షించెను. ఆ రోగముచేతనే వ్రేళ్లు కుళ్లి రాలునని లోకము తలంచుచుండెను. అట్లు కాదనియు, నరములు చెడి స్పర్శ పోయినందున కాలినను తెగినను తెలియక, ఆ గాయములచేతనే చేతులు పాడగుచున్నవనియు ఆయన కనుగొనెను. ఆ రోగులయందు దోషమేమియు లేదు. నేడు ఆ వ్యాధి మందులచేత నయమగుచున్నది. కాని స్పర్శయుండియు స్పర్శ లేనివారివలె నడచుకొను సంఘమునకు ఏమి సాకు గలదు?

మంచి సమరయుని కథలో గాయపడినవాడు ఆదినుండి అంతమువరకు ఒక్క మాటైనను పలికినట్లు వ్రాయబడలేదు. "అతడు మమ్మును పిలువలేదు" అని యాజకుడును లేవీయుడును చెప్పుకొనవచ్చును. సమరయుడైతే పిలుపుకొరకు కనిపెట్టలేదు. చూచెను, జాలిపడెను, దగ్గరకు వచ్చెను.

అందరి హృదయములలోనిది మనకెట్లు తెలియునని అడుగవచ్చును. అంతయు తెలియదు. తెలియనిదానికి మనము దోషులము కాకపోవచ్చును గాని, కన్నులెదుట ద్వారబంధమునకు ఆనుకొని నిలిచినవారిని అడుగకపోవుట మన దోషమే.

పని అంతయు తీసివేయుటయు ప్రేమ కాదు. కదలిక లేనిచో మృదులాస్థికి ఆహారము అందదు. పూర్తిగా మంచము పట్టవద్దనియు, తొడ కండరములు బలపడినచో మోకాలికి ఊతము కలుగుననియు వైద్యుడు చెప్పెను. బలముగలవి బరువు పంచుకొనవలెనన్నమాట. కనుక నీళ్లు మోయుటయు చాపలు పరచుటయు యౌవనస్థులు తీసికొనిరి. ఆరాధన గంట కొట్టుట ఆమెకే అప్పగించితిమి. కిటికీయొద్ద ఎత్తైన పీట వేసితిమి. ఆమె ఇప్పుడు కూర్చుండియే ప్రార్థించుచున్నది. నాలుగేండ్ల అరుగుదల మాత్రము తిరిగి రాదు.

ప్రియులారా, బలహీనమైన అవయవములే మరి యవసరమైనవని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. మన ఇంటిలో అందరికి వడ్డించి కడపట తినువారెవరు? మన సంఘములో ఎన్నడును ప్రార్థన మనవి చెప్పనివారెవరు? ఈ ఆదివారము ఇంటికి పోకముందు వారిలో ఒకరియొద్దకు పోయి, "ఎట్లున్నావు?" అని అడిగి, జవాబు వచ్చువరకు నిలుతము. అట్టి కృప ప్రభువు మనకనుగ్రహించును గాక. ఆమేన్.