పొట్టకూటి గాలం, సరదా గాలం



పోయిన నెల బుద్ధ వందన అయిపోయాక పాల్వంచ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఒక ప్రశ్న అడిగాడు. ఆదివారం పూట స్నేహితులతో కలిసి చెరువు కట్ట మీద గాలం వేస్తాడట. పడిన చేపతో ఫొటో దిగి మళ్ళీ నీళ్ళల్ల వదిలేస్తాడట. "చంపుత లేను కద సార్, శీలం తప్పినట్టేనా?" అన్నాడు. పక్కనే ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన వల మీద బతికే మనిషి. "వదిలేసేటోనికే ఇంత అనుమానముంటే, రోజూ పట్టి అమ్ముకునే నా సంగతేంది?" అని తల దించుకున్నాడు.

ఇద్దరికీ ఒకే జవాబు చెప్తే అన్యాయం.

పంచశీలలో మొదటిది పాణాతిపాతం మానుకోవడం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలలో కూడా సకల జీవుల పట్ల కరుణ చూపి వాటిని కాపాడతాననే మాట ఉంది. అయితే 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ అహింసను కళ్ళు మూసుకుని పాటించే నియమంగా చూడలేదు, ఆలోచించి నడుచుకునే సూత్రంగా చూశాడు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని గీత గీశాడు. ఈ గీతను పట్టుకుని మన ఇద్దరి దగ్గరికీ వెళ్దాం.

పెద్దాయన చేప పడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతది. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలలో మాంసం అమ్మకం కూడా ఉందని సుత్తాలు చెప్తున్నయి, ఆ మాట నేను దాచను. కానీ తరతరాలుగా భూమి లేకుండా చేసి, నీళ్ళ ఒడ్డుకు నెట్టినవాళ్ళను వదిలిపెట్టి, ఆ ఒడ్డున బతుకుతున్నవాణ్ణి పాపి అనడం ధమ్మం కాదు. ఆయన పిల్లలకు ఇంకో దారి దొరికేలా చూడటం మన సంఘం బాధ్యత. అప్పటిదాకా ఆయన తల దించుకోనక్కర్లేదు.

ఇక కుర్రాడి సంగతి. సావత్థి నుంచి జేతవనం వెళ్ళే దారిలో పిల్లలు చేపలను పట్టి హింసిస్తుంటే బుద్ధుడు చూశాడని ఉదానంలో ఉంది. నొప్పి అంటే మీకు భయమా, మీకది ఇష్టం లేదా అని అడిగాడట. అవునన్నారు పిల్లలు. అక్కడ ఆకలి ప్రస్తావనే లేదు. అది ఆట.

పట్టి వదిలితే చేపకు ఏమీ కాదని అనుకుంటం. గాలం పెదవికి తగిలితే బతకొచ్చు. గొంతులోకో మొప్పలకో దిగితే చాలాసార్లు తర్వాత చస్తది. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర పోయి రోగం పడతది. వేడెక్కిన నీళ్ళల్ల ప్రాణవాయువు తక్కువ, కొట్టుకుని అలసిన చేప తేరుకోదు. మన ఎండాకాలం చెరువుల సంగతి మీకు చెప్పాలా?

జర్మనీ చట్టం సరైన కారణం లేకుండా వెన్నెముక ఉన్న జీవిని బాధించడాన్ని నేరం అంటది. కాబట్టి తినడానికి చేప పడితే అక్కడ తప్పు కాదు, వదిలేయడానికే పడితే తప్పు. స్విట్జర్లాండ్ కూడా వదిలేసే ఉద్దేశంతో పట్టడాన్ని నిషేధించింది. మనకు తలకిందులుగా అనిపిస్తది గానీ, బాబాసాహెబ్ గీసిన గీత కూడా అక్కడే ఉంది.

ఇది ఒక్క కుర్రాడి సరదాతో ఆగదు. ఇవాళ సరదా, రేపు పర్యాటకం. కిన్నెరసానినే తీసుకోండి. 1977 నుంచి అది అభయారణ్యం. రిజర్వాయర్‌లో మొసళ్ళున్నయి, పడవ షికారుంది, చుట్టూ కోయ గూడేలున్నయి. రేపు ఎవరో వచ్చి ఇక్కడ గాలం వేటకు టికెట్ పెడదాం, చేపలూ పెరుగుతయి, ఉద్యోగాలూ వస్తయి అంటే మనం ఏమనాలి?

కావేరిలో ఏం జరిగిందో చూడండి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ భీమేశ్వరి దగ్గర మహసీర్ చేపల కోసం శిబిరాలు నడిపింది. పట్టినవాళ్ళు వదిలేయాలన్నది షరతు. దాంతో మేలు జరగలేదని అనను. ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టినవాళ్ళే అక్కడ కాపలాదారులయ్యారు, డైనమైట్ వేట తగ్గింది. తర్వాత వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో ఆ గాలాలు ఆగిపోయినయి. అప్పుడు దొంగవేట మళ్ళీ పెరిగిందని వేటగాళ్ళు అంటారు. కానీ ఇంకో సంగతుంది. గాలానికి చేపలు చాలాలని వేరే నదుల మహసీర్ పిల్లలను తెచ్చి పోశారు. లెక్కలో చేపలు బాగానే కనిపించినయి, కావేరి సొంత మహసీర్ మాత్రం సన్నగిల్లింది. 2018లో అది అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాబితాకెక్కింది. కాబట్టి "చేపలు తగ్గలేదు" అని ఎవరన్నా అంటే, ఏ చేపలని అడగండి.

ఒడ్డు ఎవరిదని కూడా అడగండి. నీటి దగ్గరికి రానివ్వకపోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మహాడ్‌లో 1927లో బాబాసాహెబ్ చేసిన పోరాటం దానికోసమే. 2006 అటవీ హక్కుల చట్టం నీటివనరుల్లోని చేపల మీద అడవి వాసుల సామూహిక హక్కును గుర్తించింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. టికెట్ కొన్నవాడు కుర్చీ వేసుకుని కూర్చున్న చోట కోయ తల్లి బుట్ట పెట్టకూడదంటే, ఆ చేపలను వదిలేసినా పట్టినా అది అన్యాయమే.

అయితే తప్పంతా బయటివాళ్ళదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. వాగు మడుగుల్లో మందు కలిపేది మనవాళ్ళే. జిలెటిన్ పేల్చేదీ మనవాళ్ళే. దానికి ఆకలి పేరు చెప్పొద్దు. ఒక్క పూట కూర కోసం మడుగులోని పిల్ల చేపలతో సహా చంపడం అవసరం ఎట్లయితది? తొలకరికి గుడ్లతో ఎదురెక్కే చేపను వాగు అడ్డం కట్టి పట్టడం కూడా ఇట్లాంటిదే.

ఆ కుర్రాడు గాలం మానేశాడో లేదో నేను అడగలేదు. నీళ్ళ ఒడ్డున కూర్చోవడమే నీకు ఇష్టమైతే గాలం లేకుండా కూర్చుని చూడు అని మాత్రం చెప్పాను. పెద్దాయన మొన్న వందనకు మళ్ళీ వచ్చాడు. మొదటి వానలు పడ్డయి కాబట్టి వల ఉతికి దూలానికి వేలాడదీశాడట. చేపలు గుడ్లు పెట్టుకునేదాకా కూలికి పోతానన్నాడు.